తోడబుట్టినవాళ్ళను నాయన దగ్గరికి వంతుకు రమ్మని అడగడం ఎట్లా?

ప్రశ్న: కావలి ప్రాంతం నుంచి ఒక కూతురు

అందరికీ నమస్కారం. మాది కావలికి దగ్గరలో ఒక పల్లె. మా నాయనకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన నాటి నుంచి మంచంలోనే ఉన్నారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉండటం వల్ల ఆయనను లేపి కూర్చోబెట్టడం ఆమెకు చేతకాదు. నా కాపురం కూడా ఇదే ఊళ్ళో కావడంతో, ఎవరూ నాకు అప్పగించకపోయినా, ఆయన పనంతా నా చేతికి వచ్చింది. రాత్రిపూట నేను అక్కడే పడుకుంటాను. మా వారు, మా అబ్బాయి ఇంట్లో వండుకొని తింటున్నారు. వారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

మా అన్న బెంగళూరులో, తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఇద్దరూ మంచివాళ్ళే అని ముందుగానే చెప్పాలి, ఎందుకంటే వాళ్ళను తప్పుపట్టడానికి నేను ఇది రాయడం లేదు. నెల మొదట్లోనే ఇద్దరూ డబ్బు పంపుతారు. మందులకు, డైపర్లకు, ఫిజియోథెరపీ చేసే అబ్బాయికి ఏనాడూ లోటు రానివ్వలేదు. ఫోను పెట్టేసే ముందు అన్న ప్రతిసారీ ‘ఇంకేమైనా కావాలా అమ్మాయ్?’ అని అడుగుతాడు. నేను ప్రతిసారీ ‘ఏమీ వద్దులే అన్నా, అన్నీ ఉన్నాయి’ అంటాను. ఆ మాట నా నోటి నుంచి ఎందుకు వస్తుందో నాకే తెలియదు. అన్నీ లేవు. రాత్రుళ్ళు నిద్ర లేదు, నడుము పట్టేస్తోంది, మా అబ్బాయి పదో తరగతిలోకి వచ్చినా వాడి పక్కన కూర్చొని ఒక్క పూట చదివించలేదు. ఈ మధ్య నాకు కూడా ఒంట్లో బాగుండక నెల్లూరులో చూపించుకుంటే గర్భసంచిలో గడ్డలున్నాయనీ, ఆపరేషన్ చేయించుకొని ఆరు వారాల పాటు బరువులు ఎత్తకుండా ఉండాలనీ డాక్టరమ్మ చెప్పారు గానీ, నాయనను ఈ స్థితిలో పెట్టుకొని నేను మంచమెక్కితే ఎట్లా అని వాయిదా వేస్తున్నాను. అదట్లా ఉంచితే, నేను అడగాలనుకున్నది ఇది.

పంపే డబ్బు ఇంకాస్త పెంచమని అడిగి, పగటిపూటకు ఒక మనిషిని పెట్టుకోవడం మంచిదా, లేక ఇట్లాగే సర్దుకుపోవడం మంచిదా? అడగాలంటే భయం వేస్తోంది. నాయన పేరిట కొద్దిగా పొలం ఉంది. నేను ఇప్పుడు ఏది అడిగినా, సేవ చేసినందుకు లెక్క కడుతున్నానని వదినలు అనుకుంటారేమోనని నా అనుమానం. కన్నతండ్రికి చేసేదానికి సాయం అడగడం కూడా నాకే తప్పుగా తోస్తోంది. మీలో ఎవరైనా ఇటువంటి స్థితిలో నోరు తెరిచి అడిగి ఉంటే, ఎట్లా అడిగారో చెప్పగలరు.

జవాబు: ఒంగోలు నుంచి, విశ్రాంత స్టాఫ్ నర్సు

అమ్మా, నేను చాలాకాలం ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేశాను. పక్షవాతం వచ్చినవారిని, వారిని చూసుకునేవారిని కూడా దగ్గరగా చూశాను. మీ ప్రశ్నను జాగ్రత్తగా చదివాక నాకు తోచినది నేరుగా చెబుతాను, మరోలా అనుకోకండి. మీకు నిజంగా కావలసినది ఏమిటో మీరు రాశారు. అయితే దానిని మధ్యలో ఒక్క వాక్యంలో ఇరికించి, ‘అదట్లా ఉంచితే’ అని పక్కకు నెట్టి, దాని స్థానంలో డబ్బు పెంచమని అడగడం గురించి సలహా కోరారు. మీకు కావలసింది ఆపరేషన్. ఆ ఆపరేషన్ జరగాలంటే మీ అన్నదమ్ములలో ఒకరు వచ్చి కొన్ని వారాలు మీ నాయన మంచం పక్కన ఉండాలి. పగటిపూటకు ఒక మనిషిని పెట్టుకున్నంత మాత్రాన ఇది తీరదు. రాత్రి ఎవరు లేస్తారు అన్న ప్రశ్న అట్లాగే మిగిలిపోతుంది.

మొదట మీ ఆరోగ్యం సంగతి. గర్భసంచిలో గడ్డల వల్ల రక్తస్రావం ఎక్కువగా అవుతుంటే, నెలనెలా ఒంట్లో ఇనుము తరిగి రక్తహీనత పెరుగుతుంది. ఆడవారికి హిమోగ్లోబిన్ పన్నెండు గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. బాగా తగ్గిపోయిన వారికి ఆపరేషన్‌కు ముందు మాత్రలతోనో, ఇంజెక్షన్లతోనో, అవసరమైతే రక్తం ఎక్కించో దానిని సరిచేయాల్సి వస్తుంది. అంటే మీరు వాయిదా వేసిన కొద్దీ ఆపరేషన్ కూడా కష్టతరం అవుతుంది. ఆయాసం, మగత లాంటివి ఉంటే అవన్నీ నిద్రలేమి వల్లనే అనుకోకండి, కొంత రక్తం తగ్గడం వల్ల కూడా కావచ్చు. ఈ వారంలోనే రక్త పరీక్ష చేయించుకోండి. పొట్ట కోసి చేస్తారా, చిన్న గాట్లు పెట్టి లాప్రోస్కోపీతో చేస్తారా అని డాక్టరమ్మను అడగండి, కోలుకునే కాలం దాన్నిబట్టి కొంత మారుతుంది. ఏ పద్ధతిలో చేసినా లోపలి కుట్లు మానేవరకు బరువు ఎత్తకూడదు. మంచం మీద ఉన్న మగమనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం కంటే పెద్ద బరువు ఇంట్లో ఏముంటుంది?

ఇక మీరు చేస్తున్న పని ఎంతటిదో మీ వాళ్ళకు తెలుసునని అనుకోకండి. మంచంలో ఉన్న మనిషిని సుమారు రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద పుండ్లు పడతాయి. తడిసిన బట్ట వెంటనే మార్చాలి. అన్నం పెట్టేటప్పుడు తల ఎత్తుగా ఉండాలి, తిన్నాక కూడా అరగంట అట్లాగే ఉంచాలి, ఎందుకంటే మింగడం సరిగ్గా రాని వారికి మెతుకో నీళ్ళో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పడిపోయిన చెయ్యి పట్టుకొని లాగి లేపితే భుజం దెబ్బతింటుంది. ఆసుపత్రిలో ఈ పనులను మూడు షిఫ్టుల్లో పంచుకొని చేస్తాం, ఒక షిఫ్టు అయిపోయాక ఇంకొకరికి అప్పగించి ఇంటికి వెళ్తాం, అట్లా అప్పగించినందుకు రోగి మీద ప్రేమ లేదని ఎవరూ అనరు. మీరు ఆ మూడు షిఫ్టులనూ ఒక్కరే మోస్తున్నారు.

అందువల్ల మీ అన్నను, తమ్ముణ్ణి ‘కొంచెం సాయం చేయండి’ అని అడగకండి. అట్లా అడిగితే వాళ్ళకు తెలిసిన సాయం డబ్బే కాబట్టి ఇంకొంత డబ్బు పంపి, నిజంగానే సాయం చేశామనుకుంటారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరు, ఏ పని చేయాలో చెప్పి అడగండి.

జవాబు: కందుకూరు ప్రాంతం వాడిని, ప్రస్తుతం చెన్నైలో ఉద్యోగం

నమస్కారమండీ. మీ అన్న ఉన్న వైపు నుంచి నేను మాట్లాడతాను. మా అమ్మను చివరి రోజుల్లో మా అక్క చూసుకుంది. దూరంగా ఉన్న కొడుకుకు ఇంటి సంగతి ఫోనులో విన్నంత మేరకే తెలుస్తుంది. వీడియో కాల్ చేసినప్పుడు అమ్మ ముఖం కడిగి, తల దువ్వి, మంచి దుప్పటి కప్పి ఉంటుంది. పక్కన అక్క నవ్వుతూ నిలబడి ఉంటుంది. ఆ తెరమీద కనిపించని ఇరవై మూడున్నర గంటలను ఎవరైనా మాటల్లో చెబితే తప్ప ఊహించడం కష్టం. ‘ఇంకేమైనా కావాలా?’ అని అడిగే మనిషి ఊరికే అడుగుతున్నాడని అనుకోకండి. దూరాన ఉన్నామన్న బాధ లోపల ఉంటుంది, ఏం చేస్తే అది తీరుతుందో తెలియదు, చేయగలిగింది చేద్దామనే అడుగుతారు. ‘ఏమీ వద్దు’ అన్న జవాబు విని మనసు కుదుటపడుతుంది, అక్కడితో ఆ విషయం ముగిసిపోతుంది.

మా అక్క ఒక ఆదివారం ఫోను చేసి చాలా మామూలు గొంతుతో చెప్పింది. ఫలానా తేదీన తాను తన కూతురి కాన్పుకు నెల్లూరు వెళ్తున్నానని, నెల రోజుల తర్వాత గాని రానని, ఆ నెల రోజులూ నేను ఉంటానో, నా భార్య ఉంటుందో, మేమిద్దరం పంచుకుంటామో రాబోయే ఆదివారానికల్లా చెప్పమని అడిగింది. నిష్ఠూరం లేదు, పాత లెక్కలు తీయలేదు. నాకు ఆలోచించుకోవడానికి వారం ఇచ్చింది. నేను మేనేజరుతో మాట్లాడి కొన్ని రోజులు సెలవు, మిగతా రోజులు ఇంటి నుంచి పని అని ఒప్పించుకున్నాను. ఆ అడగడంలో నాకు నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. వస్తావా రావా అని ఆమె అడగలేదు. ఎవరు వస్తారు, ఎట్లా సర్దుకుంటారు అన్నది మాత్రం మాకు వదిలేసింది. ఉద్యోగం చేసుకునేవాడికి ఎంతో ముందుగా తేదీ తెలిస్తే చాలా మార్గాలు దొరుకుతాయి. ఉన్నపళంగా రమ్మంటే ఒక్కటీ దొరకదు.

ఇంకొక మాట. మీ వదినగారికి, మరదలికి ఈ సంగతి మీ అన్నదమ్ముల ద్వారా చేరనివ్వకండి. మీరే ఫోను చేసి, మీ ఆపరేషన్ గురించి ఆడవాళ్ళు ఆడవాళ్ళతో చెప్పుకున్నట్టు చెప్పండి. మగవాళ్ళ నోట ఆ కబురు ‘చెల్లెలికి ఏదో ఆపరేషన్ అట’ అని సగమే చేరుతుంది. మీ అనుమానాలలో సగానికి పైగా మీరు వాళ్ళతో నేరుగా మాట్లాడకపోవడం వల్ల పుట్టినవేమో అని నాకనిపిస్తోంది.

జవాబు: మార్కాపురం నుంచి ఒక పెద్దాయన

పైన ఇద్దరూ చెప్పినది బాగానే ఉంది కానీ, నాకు మనసొప్పని సంగతి ఒకటుంది. తోడబుట్టినవాళ్ళ మధ్య తేదీలు, వంతులు, ఎవరు ఎన్ని రోజులు అని పెట్టుకోవడం మొదలైతే, తండ్రి మంచం పంచాయితీ అయిపోతుంది. మా వైపు చాలా ఇళ్ళల్లో తల్లిదండ్రులను కొడుకులు నెల వంతులుగా పంచుకోవడం చూశాను. నెల ముగిసిన రోజున సంచీ సర్దుకొని ఇంకో కొడుకు గుమ్మం దగ్గరకు వెళ్ళే ముసలివాళ్ళ ముఖాలు చూస్తే, అది బతుకు కాదనిపిస్తుంది. ఆడబిడ్డ కష్టం అడగకుండానే తెలుసుకోవలసిన బాధ్యత అన్నదమ్ములది. ఆమె నోరు తెరిచి అడిగేదాకా తెచ్చుకోవడమే వాళ్ళకు తలవంపు. అడగమని ఆమెకు నేర్పే ముందు, ఈ పేజీ చదివే కొడుకులు తమ ఇంటికి తాము ఫోను చేసుకోవాలని నా విన్నపం.

జవాబు: నెల్లూరు నుంచి ఒక గృహిణి

మార్కాపురం పెద్దాయన గారూ, కొడుకులకు మీరు చేసిన విన్నపం తప్పకుండా వినదగినది. అయితే ఆ కొడుకులు తెలుసుకునేదాకా ఈ చెల్లెలి జబ్బు ఆగదు. పైగా మీరు బాధపడిన ఆ పద్ధతిలో మనిషిని ఇంటింటికీ తిప్పుతారు. ఇక్కడ వాళ్ళ నాయన తన మంచం మీదే, తన ఇంట్లోనే, తన భార్య కళ్ళెదుటే ఉంటారు. తిరిగేది చూసుకునేవాళ్ళు. ఆ రెండింటికీ చాలా తేడా ఉందని నేను అనుకుంటున్నాను.

చెల్లెమ్మా, కన్నవారికి చేసేదానికి సాయం అడగడం తప్పుగా తోస్తోందన్నారు కదా. మీకు మన ఊరి రొట్టెల పండుగను గుర్తు చేయాలని ఉంది. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గర ఏటా జరిగే ఆ పండుగను మీరు చూసే ఉంటారు. కులం, మతం అనుకోకుండా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు తలమీద కొంగు కప్పుకొని, చెరువు నీళ్ళల్లో నిలబడి, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని రొట్టె అడుగుతారు. అక్కడ ఎవరూ ‘ఏదో ఒకటి ఇవ్వండి’ అని అడగరు. ఆరోగ్య రొట్టె కావాలని అడుగుతారు, ఉద్యోగ రొట్టె అని, సంతాన రొట్టె అని, పెళ్ళి రొట్టె అని, సొంతింటి రొట్టె అని పేరు పెట్టి, పదిమంది వినేటట్టు అడుగుతారు. పిల్లలు లేరన్న సంగతి, పిల్లకు సంబంధం కుదరలేదన్న సంగతి ఇంట్లో కూడా గట్టిగా అనుకోని ఆడవాళ్ళు ఆ నీళ్ళల్లో నిలబడి బయటికి చెప్పడం నేను చూశాను. ఆ కోరిక కిందటేడు తనకు తీరిన మనిషి రొట్టె ఇస్తుంది. ఈసారి పుచ్చుకొని తిన్న మనిషి తన కోరిక తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇస్తుంది. అడిగినవాళ్ళను అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు, ఎందుకంటే ఇస్తున్నవాళ్ళు కూడా ఒకప్పుడు అక్కడే నిలబడి అడిగినవాళ్ళే.

పరాయివాళ్ళ దగ్గర పేరు పెట్టి అడగగలిగిన మనం ఇంట్లోవాళ్ళ దగ్గర మాత్రం పేరు దాచి, వాళ్ళే కనిపెట్టాలని ఎదురుచూస్తాం. ఇంట్లో కాదంటే ఆ దెబ్బ ఎక్కువ తగులుతుందన్న భయం అందుకు కారణమని నేను అనుకుంటాను. ఆ భయం నిజమైనదే, లేదని చెప్పను. మీ తమ్ముడు నిజంగానే రాలేనని అనవచ్చు. అప్పుడు ఏం చేయాలో కూడా ఇప్పుడే ఆలోచించి పెట్టుకుంటే అడిగేటప్పుడు గొంతు వణకదు. ఒకరు రాలేకపోతే వారి వంతు రోజులకు రాత్రిపూట మనిషిని పెట్టే ఖర్చు పూర్తిగా వారిదే అనీ, మనిషిని వెతికి కుదిర్చే పని కూడా వారిదే అనీ చెప్పండి. వెతికే పని కూడా మీ మీద పడితే సాయం అడిగి కొత్త చాకిరీ తెచ్చుకున్నట్టే అవుతుంది.

మీ నాయనగారితో కూడా ఒక మాట చెప్పండి. మాట ముద్దగా వచ్చినంత మాత్రాన ఆయనకు అర్థం కాదని కాదు. తన కూతురికి ఆపరేషన్ అవసరమని తెలిస్తే ఆయనే అన్నను రమ్మని సైగ చేస్తారేమో. ఆ మనిషిని అడగకుండా ఆయన గురించి ఇంతమంది నిర్ణయాలు చేయడం నాకు సరిగా తోచలేదు.

జవాబు: కందుకూరు నుంచి ఒక న్యాయవాది

పొలం గురించి మీరు పెట్టుకున్న భయానికి మాత్రం నేను జవాబు చెబుతాను. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం ప్రకారం ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. మన రాష్ట్రం 1985లోనే, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఆ హక్కు ఇచ్చింది. సవరణ నాటికి తండ్రి జీవించి ఉండాలన్న నియమం కూడా లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. పొలం మీ నాయనగారి స్వార్జితమైతే అది ఆయన ఇష్టం. వీలునామా లేకుండా పోతే మీ అమ్మగారికి, మీ ముగ్గురికి సమానంగా వస్తుంది. కాబట్టి, వీలునామా లేనంతవరకు, మీ వాటా మీరు సేవ చేసినందుకు పెరగదు, సాయం అడిగినందుకు తరగదు. ఈ రెండు సంగతులను ఒకే సంభాషణలో కలపకండి. ఎవరైనా కలిపితే ‘పొలం మాట ఇంకో రోజు మాట్లాడుకుందాం, ఇప్పుడు నా ఆపరేషన్ తేదీ మాట్లాడుకుందాం’ అని చెప్పి వెనక్కు రండి.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. కొడుకులు, కూతుళ్ళు ఇద్దరికీ అది వర్తిస్తుంది. పోషణ కోసం ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు, తిండి, బట్ట, నివాసం, వైద్యం కోసం నెలకు పదివేల రూపాయల వరకు ఇప్పించవచ్చు. మీ ఇంట్లో డబ్బు సక్రమంగా వస్తోంది కాబట్టి దాని అవసరం మీకు లేదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, ఏ ట్రిబ్యునలూ ఒక కొడుకును రాత్రి రెండు గంటలకు లేచి తండ్రిని పక్కకు తిప్పమని ఆదేశించి అమలు చేయించజాలదు. మీకు కావలసినది చట్టం ద్వారా దొరికేది కాదు. అది అడిగితేనే దొరుకుతుంది.

జవాబు: గ్రామ సచివాలయ ఉద్యోగి, ప్రకాశం జిల్లా

ఒక చిన్న సమాచారం. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి రాష్ట్ర ప్రభుత్వపు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. అంగవైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం కావాలి. ఇంటి ఆదాయం, భూమి విస్తీర్ణం, కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగం వంటి నిబంధనలు ఉన్నాయి. 2025లో ఈ పింఛన్లను వైద్య బృందాలు మళ్ళీ తనిఖీ కూడా చేశాయి. మీ నాయనగారు అర్హులో కాదో మీ ఊరి సచివాలయంలో అడగండి. వస్తే రాత్రిపూట మనిషిని పెట్టుకునే ఖర్చుకు ఆసరా అవుతుంది. మీ తమ్ముడు హైదరాబాదులో కూర్చొని కూడా చేయగలిగిన పనులలో ఇది ఒకటి: ఆ కాగితాలన్నీ సమకూర్చే బాధ్యత అతనికి అప్పగించండి.

ప్రశ్న వేసిన కూతురు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఒంగోలు అమ్మగారు చెప్పిన మాట చదివాక నేను రాసినదాన్ని మళ్ళీ చదువుకున్నాను, చాలాసేపు ఏడ్చాను. మార్కాపురం పెద్దాయన మాట కూడా నాకు ఊరట ఇచ్చింది. నా బదులు ఒకరు కోప్పడ్డారని అనిపించింది. నిన్న సాయంత్రం నాయనకు అన్నం పెట్టాక ఆపరేషన్ సంగతి చెప్పాను. ఆయన ఎడమ చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకొని, అన్న పేరు పలికారు. ఆ పేరు మాకందరికీ స్పష్టంగా వినిపించింది.

ఇద్దరికీ పంపాలని ఈ సందేశం రాసుకున్నాను. పంపే ముందు మీరు చూసి చెప్పండి.

‘అన్నా, తమ్ముడూ, నాకు గర్భసంచి ఆపరేషన్ చేయాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత ఆరు వారాలు నేను బరువు ఎత్తకూడదు, అంటే నాయనను తిప్పడం, లేపడం నా వల్ల కాదు. ఆ ఆరు వారాలు మీ ఇద్దరిలో ఎవరో ఒకరు రాత్రీ పగలూ ఇక్కడ ఉండాలి. చెరి మూడు వారాలు పంచుకుంటారో, ఇంకెట్లా సర్దుకుంటారో మీ ఇష్టం. రాలేనివారు ఆ రోజులకు ఇద్దరు మనుషులను కుదిర్చి పంపాలి. సంక్రాంతికి మీరు ఎట్లాగూ వస్తారు కనుక అప్పుడు అందరం కూర్చొని తేదీ అనుకుందాం. నాకు ఇప్పటిదాకా అన్నీ పంపారు, అందుకు కాదు ఈ మాట. ఇప్పుడు నాకు మీరే కావాలి.’

జవాబు: ఒంగోలు నుంచి, విశ్రాంత స్టాఫ్ నర్సు

చాలా బాగా రాశారమ్మా. చివరి వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా పంపండి. సంక్రాంతి వాక్యాన్ని మాత్రం తీసేయమని గట్టిగా చెబుతున్నాను. పండుగకు వాళ్ళు పెళ్ళాం పిల్లలతో వస్తారు. ఆ నాలుగు రోజులూ అరిసెలు వండేదీ, పదిమందికి పొయ్యి దగ్గర నిలబడేదీ, మధ్య మధ్యలో నాయనను తిప్పేదీ మీరే అవుతారు. కూర్చొని మాట్లాడుకునే వేళ దొరకదు. దొరికినా, ఇంటినిండా చుట్టాలుండగా మీకు మళ్ళీ ‘అన్నీ ఉన్నాయిలే’ అన్న మాటే వస్తుంది. కనుమ మర్నాడు కార్లు బయలుదేరి వెళ్ళిపోతాయి.

డాక్టరమ్మ దగ్గర తేదీ తీసుకొని, ఆ తేదీ వేసి ఇప్పుడే పంపండి. ఆపరేషన్‌కు కనీసం వారం ముందుగా మొదటి వంతువారు రావాలని కూడా చేర్చండి. రాగానే పనంతా వారి చేతనే చేయించండి, మీరు పక్కన కూర్చొని చెప్పండి. తిప్పేటప్పుడు చెయ్యి ఎక్కడ వేయాలో, అన్నం ముద్ద ఎంత పెట్టాలో, మూత్రం రంగు మారితే ఎవరికి ఫోను చేయాలో చేసి చూస్తే తప్ప రాదు. మందులు ఏ వేళకు ఏవో పెద్ద అక్షరాలతో రాసి మంచం ఎదుటి గోడకు అంటించండి. మొదటి రాత్రి వాళ్ళు తడబడతారు. మీరు లేచి వెళ్ళకండి. ప్రాణం మీదకు వచ్చేది ఏదైనా ఉంటే తప్ప వాళ్ళనే చేసుకోనివ్వండి, మూడో రాత్రికి అలవాటవుతుంది.

రక్త పరీక్షకు రేపే వెళ్ళండి. హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే, తర్వాత ఏం అడగాలో చెబుతాను.